‘ఎవరన్నరు?’ అనే టీచరమ్మ

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. ఆ పుస్తకాలు తొక్కకుండా దాటుకుంటూ పోయి, ఒక సందులోకి తిరిగి, చెప్పుల దుకాణం పక్కనున్న మెట్లెక్కితే మా తరగతి గది వస్తుంది. పరిశోధన చేసేవాళ్లకు నేనక్కడ రాయడం నేర్పుతాను. వాక్యం ఎలా నిలబెట్టాలి, వాదన ఎలా నడపాలి, ఎవరి మాట వాడుకుంటే వాళ్ల పేరు ఎలా చెప్పాలి, ఇవే నా పాఠాలు.

పోయిన ఆదివారం కొత్తగా చేరిన ఒకమ్మాయి తన వ్యాసం చదువుతోంది. కూరగాయల మార్కెట్లో ఆడవాళ్ల మాటతీరు ఆమె విషయం. చదువుతూ చదువుతూ మధ్యలో ఒక పేరు, ఆ వెనకే పేజీ నంబరు చెప్పింది. ఆ పేరు విని నేను బోర్డు మీద రాస్తున్నది ఆపేశాను. అమ్మాయి కంగారుపడి తప్పు రాశానా అని అడిగింది. తప్పేమీ లేదు. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, కామాలు ఉండాల్సినచోటే ఉన్నాయి. ఈమె మీకు తెలుసా మేడం అంది. తెలుసన్నాను. అంతే చెప్పి తర్వాతి పేరాకు వెళ్లమన్నాను.

ఆ పేరుగల మనిషి మొన్న వానాకాలంలో పోయింది. చిన్న జ్వరమే అనుకున్నారట. దవాఖానకు తీసుకెళ్లేసరికే ఆలస్యమైందట. నాకు తెలిసేటప్పటికి అంతా అయిపోయింది. దానికి ఏడవడం అప్పుడే అయింది. ఇప్పుడు రాస్తున్నది అందుకు కాదు. ఒక పిల్ల, ఆమెను ఎన్నడూ చూడనిది, ఆమె మాటను ఆధారంగా పెట్టుకుని తన వాక్యం నిలబెట్టుకుంది. అది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

పేరు మాత్రం రాయను. మీ గురించి ఎప్పుడైనా రాస్తానని ఒకసారి ఆమెతోనే అన్నాను. రాయున్రి మేడం, నాకేం ఫికర్ లేదు, నా పేరు గ్రంథసూచిల ఉంటే చాలు, కథలల్ల పెట్టకున్రి అంది. మేమందరం టీచరమ్మ అనేవాళ్లం. ఇక్కడా అలాగే అంటాను.

టీచరమ్మ నాంపల్లిలో ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పేది. స్టేషన్ వెనక కిరాయి ఇంట్లో ఉండేది. పుట్టిల్లు బేగం బజార్. అక్కడ ఆమె తల్లి మిరపకాయలు, చింతపండు అమ్మే దుకాణం నడిపేది. మనిషి పొడగరి, నడక పెద్ద పెద్ద అంగలు. మెట్లెక్కి గదిలోకి రాగానే అందరికన్నా ముందు బెంచీలో కూచునేది. కళ్లద్దాలు చదవడానికి కన్నా అభిప్రాయం తెలపడానికే ఎక్కువ వాడేది. ఎదుటివాళ్ల మాట నచ్చకపోతే అవి నుదుటి మీదికి పోయేవి. నచ్చితే మెల్లగా ముక్కు మీదికి దిగేవి. నేను పాఠం చెబుతూ ఒక కన్ను ఆ కళ్లద్దాల మీదే వేసి ఉంచేదాన్ని.

మొదటిరోజు ఆమె వచ్చినప్పుడు అవి నుదుటి మీదే ఉన్నాయి. సంచిలోంచి తన సిద్ధాంతగ్రంథం తీసి నా బల్ల మీద పెట్టింది. ఏళ్ల తరబడి పని చేసి రాసింది. బేగం బజారులో ఆడవాళ్లు బేరం చేసేటప్పుడు వాడే భాష మీద. పరీక్షకుల్లో ఒకాయన దాన్ని తిప్పి పంపాడు. ఇది పరిశోధన కాదు, జ్ఞాపకాల పోగు అని ఆయన నివేదిక. నిర్ధారణలకు ఆధారాల్లేవు, భాష తగినట్టు లేదు, మొత్తం తిరగరాయాలి అని చివర. లోపలి పేజీల అంచుల్లో ఎర్ర సిరాతో ఒకటే మాట మళ్లీ మళ్లీ రాసి ఉంది. ‘ఎవరన్నారు?’

“నేనే అంటున్న కదా మేడం,” అంది టీచరమ్మ. “అట్ట మీద నా పేరు లేదా?”

తిరిగి సమర్పించడానికి ఒక్కసారే అవకాశం. ఈసారి కూడా తిప్పి పంపితే ఇక అంతే. పర్యవేక్షించిన ప్రొఫెసరు, ఈ వయసులో ఇంకా ఎందుకమ్మా, వదిలేయండి అన్నాడట. బడిలో తోటి టీచర్లు కూడా ముఖం మీదే అన్నారట, రిటైర్‌మెంటు దగ్గర పడ్డాక డాక్టరేటు ఏం చేసుకుంటావని. ఇవన్నీ చెప్పింది. తర్వాత, ఇన్నేండ్ల సంది పిల్లల తప్పులు దిద్దిన, నా తప్పు ఎవరు దిద్దలే, మీరు దిద్దున్రి అంది. అలా అడిగేవాళ్లు అరుదు. దిద్దండి అంటూ వచ్చేవాళ్లలో చాలామందికి కావలసింది మెచ్చుకోలు.

మొదటి పేజీ మొదటి వాక్యం నుంచే మొదలుపెట్టాం. అది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ‘బేగం బజారు నందు వ్యాపారము చేయుచున్న మహిళలచే జరుపబడుచున్న బేరసారముల యందు భాషా వైవిధ్యము గోచరించుచున్నది అనడంలో ఎంతమాత్రము అతిశయోక్తి లేదు.’ ఇందులో ఎవరు ఏం చేస్తున్నారని అడిగాను. ఆమె తన వాక్యాన్నే రెండుసార్లు చదువుకుంది. ఆడోళ్లు బేరం చేస్తున్నరు అంది. ఎలా చేస్తున్నారన్నాను. రెండు మూడు భాషలు కలిపి అంది. అదే రాయండన్నాను. రాసింది. ‘బేగం బజారులో ఆడవాళ్లు రెండు మూడు భాషలు కలిపి బేరం చేస్తారు.’

“గింతేనా?”

“ఇంతేనండి.”

“మరి గింత దానికి డాక్టరేటు ఎట్లిస్తరు?”

గదిలో అందరూ నవ్వారు గానీ ఆమె నవ్వించడం కోసం అడగలేదు. తెలుగు పెద్దగా కనబడాలంటే బరువుగా ఉండాలని ఆమెకు ఎవరో చిన్నప్పుడే నూరిపోశారు. ఇంట్లో మాట్లాడే తెలుగు తెలుగే కాదనీ చెప్పారు. అందుకే కాగితం మీదికి వచ్చేసరికి ఆ ‘యందు’లూ ‘బడు’లూ తెచ్చుకుని కవచంలా తొడుక్కునేది. ప్రతి పేరా చివరా అతిశయోక్తి లేదనడం కూడా ఆ కవచంలోదే. అతిశయోక్తి లేనిచోట లేదని చెప్పక్కర్లేదు కదా అన్నాను. ఆ రాత ప్రతి అంతా వెతికి ఆ మాట కొట్టేయడానికి ఆమెకు ఒక పూట పట్టింది. కొట్టేస్తూ కొట్టేస్తూ తనే నవ్వుకుంది. ఆ తర్వాత ఆమె చేతికి ఏ కరపత్రం చిక్కినా, పెళ్లి శుభలేఖ చిక్కినా వదిలేది కాదు. నాంపల్లిలో ఒక గోడమీది ప్రకటన ముందు నిలబడి, ఇందులో ఎవరు ఏం చేస్తున్నరో చెప్పున్రి మేడం అని నాకు పరీక్ష పెట్టింది. నాకు అంతుబట్టలేదు. నాక్కూడ తెల్వలే, రాసినోనికి గూడ తెల్వదు అని ముందుకు నడిచింది.

ఇంకో ఆదివారం కళ్లద్దాలు నుదుటి మీదికి పెట్టి, మా మాట తప్పా మేడం అని అడిగింది. నాకు ఇబ్బందిగా అనిపించింది. మా ఇల్లు హిమాయత్‌నగర్. మా తాతగారు ఆంధ్ర నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నా నోట్లో వచ్చే తెలుగు పుస్తకంలో తెలుగుకు కాస్త దగ్గరగా ఉంటుందంటే అందులో నా గొప్పేం లేదు. ఉన్నమాట చెప్పాను. మీ మాట తప్పు కాదు, మా అమ్మమ్మ మాట కూడా అచ్చులో కనబడదు. మీరు సొంతంగా చెప్పే వాక్యం ఒకే తీరులో, చదివే అందరికీ అందేలా ఉండాలి. బజారులో మనుషులు అన్న మాట మాత్రం ఒక్క అక్షరం మార్చకూడదు, కొటేషన్లలో అలాగే ఉంచాలి. ‘పడ్తలేదు’ అంటే ‘గిట్టుబాటు కావడం లేదు’ అని సంస్కరించకూడదు. కళ్లద్దాలు ముక్కు మీదికి దిగాయి.

కొటేషన్ల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఆమె రాతలో అక్కడక్కడ పెద్ద పండితుల పుస్తకాల నుంచి పేరాలకు పేరాలే ఉన్నాయి. కొటేషన్లు లేవు, పేర్లు లేవు. దొంగతనం అనే ఆలోచనే ఆమెకు లేదు. గొప్పోళ్ల మాటను మార్చుడు పాపం కదా అని ఉన్నదున్నట్టు దించింది, అదే భక్తి అనుకుంది. కొటేషన్లు పెట్టి పేరు చెప్పడమే అసలైన మర్యాద అని, సొంత మాటల్లో చెప్పినా పేరు చెప్పాల్సిందేనని వివరించాను. దానికామె, అంటే ఇల్లు వాళ్లది, కిరాయికి నేనుంటున్న అని బోర్డు పెట్టుడన్నట్టు అంది. అంతకన్నా బాగా నేను ఇప్పటిదాకా చెప్పలేకపోయాను. ఇప్పుడు ప్రతి కొత్త బ్యాచికీ ఆ మాటే చెబుతాను, ఆమె మాట అని చెప్పి మరీ.

అన్నిటికన్నా విచిత్రం, ఆమెను అంతగా బాధపెట్టిన ఆ ఎర్రసిరా ప్రశ్నను ఆమె తన సొంతం చేసుకోవడం. కొన్నాళ్లపాటు దాన్ని చూస్తేనే మండిపడేది. తర్వాత తన రాతనే పక్కన పెట్టుకుని, ప్రతి వాక్యం చివరా తనే అడుక్కోవడం మొదలుపెట్టింది. ‘ఎవరన్నరు?’ అక్కడితో ఆగలేదు. బడిలో ఎవరైనా బదిలీల కబురు మోసుకొస్తే, ఎవరన్నరు? నువ్వు ఇన్నవా, ఇన్నోళ్ల దగ్గర ఇన్నవా? అనేదట. ఒకసారి ఇద్దరం ఆటోలో పోతున్నాం. ముందు రోడ్డు బంద్ ఉందని, చుట్టూ తిరిగిపోవాలని ఆటో అతను అన్నాడు. ఎవరన్నరని టీచరమ్మ. వాళ్ల దోస్త్ చెప్పాడన్నాడు. మీ దోస్త్ కండ్లతోని చూసిండా అంది. చూశాడన్నాడు. అయినా పోనిమ్మంది. తీరా పోతే రోడ్డు నిజంగానే బంద్. బారికేడ్ల ముందు ఆటో ఆగింది. ఆమె కళ్లద్దాలు దించుకుని, మంచి ఆధారమే తమ్మీ, మీ దోస్త్‌కు చెప్పు అంది. ఆటో అతను వెనక్కి తిరిగి నావైపు చూశాడు. 

డాక్టరేటు వచ్చాక కూడా ఆమె మా తరగతికి రావడం మానలేదు. కొత్తవాళ్ల పక్కన కూచుని వాళ్ల పేజీలు చదివి పెట్టేది. ఆ రోజుల్లోనే ఒక విద్యార్థి చక్కని గ్రంథసూచి పట్టుకొచ్చాడు. అందులో ఒక పుస్తకం పేరు చూసి టీచరమ్మ కళ్లు మెరిశాయి, ఆమె విషయానికి అంత దగ్గరగా ఉంది. ఎక్కడ దొరికిందని అడిగితే ఫోన్‌లో ఉన్న ఏఐ చెప్పిందన్నాడు. ఫోన్ ఎవరి దగ్గర ఇన్నదట అంది. అప్పటికప్పుడు కిందికి దిగి ఫుట్‌పాత్ మీద పుస్తకాలవాళ్లందరినీ అడిగింది. వారమంతా లైబ్రరీలు తిరిగింది. మళ్లీ ఆదివారం వచ్చి ఆ అబ్బాయి భుజం మీద చెయ్యేసి, గీ పుస్తకం ఇంకా పుట్టలే బిడ్డా అంది. కోపం లేదు ఆ మాటలో. తర్వాత ఇద్దరూ కూచుని ఆ జాబితాలో ఉన్న ప్రతి పుస్తకాన్నీ వెతికారు. దొరికినవే ఉంచారు.

మళ్లీ వెనక్కి వస్తాను. వాక్యాలు దారిన పడ్డాయి, కొటేషన్లు కుదిరాయి. వాదన మాత్రం కుదరలేదు. పరీక్షకుడు అభ్యంతరం చెప్పినచోటల్లా ఆమె అదే మాటను ఇంకొంచెం గట్టిగా రాసుకొచ్చేది. అప్పుడు నేనొక పని చెప్పాను. ఆయన అభ్యంతరాన్ని మీరే రాయండి, మీ మాటల్లో, ఆయన కన్నా బలంగా రాయండి అన్నాను. ఆమెకు అది అవమానంలా తోచింది. నా పుస్తకంల వాళ్ల మాట నేనెందుకు రాయాలె అంది. ఆ ఆదివారం చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ మీది ఆదివారం వచ్చి ఒక కాగితం నా ముందు పెట్టింది. చదివి నేను నిర్ఘాంతపోయాను. పరీక్షకుడు పది పేజీల్లో చెప్పలేకపోయింది ఆమె ఒక్క పేజీలో చెప్పింది. ఈ పరిశోధకురాలు బజారులో పుట్టింది కాబట్టి తనకు అన్నీ తెలుసనుకుంటోంది. తెలుసుననుకున్నది ఎవరూ వెళ్లి చూడరు. కాబట్టి ఈమె చూడలేదు. అలా సాగింది ఆ పేజీ.

“ఇది రాసినంక నాకే నా థీసిస్ మీద నమ్మకం పోయింది మేడం,” అంది. 

అయితే వెళ్లి చూద్దామన్నాను.

ఆమె సిద్ధాంతగ్రంథానికి నడుమ నిలిచిన స్తంభం ఒకటుంది. బేగం బజారులో అమ్మే ఆడవాళ్లు బేరంలో ‘లేదు’ అనే మాట అనరు. తక్కువ ధర అడిగితే నవ్వుతారు, ఆలోచించుకోమన్నట్టు ‘మీరే సోచాయించున్రి’ అంటారు, ‘మాకు పడ్తలేదు’ అంటారు, ఒట్టి ‘లేదు’ మాత్రం అనరు. ఇది ఆమె పుట్టినప్పటి నుంచి విన్నది. దీనికి ఆధారం ఎవరని అడిగితే మా అవ్వ అంది. తల్లిని ఆమె అవ్వా అనే పిలిచేది. అవ్వ ఇంకా ఉంది, ఇంకా దుకాణంలో కూచుంటుంది. అయితే ఆవిడనే పద్ధతిగా అడిగి, రికార్డు చేసి, పేరూ తేదీ వేసి రాయాలన్నాను.

బేగం బజారులో ఆ సందులోకి అడుగుపెట్టగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. మిరపకాయల బస్తాల మధ్య, ఎత్తు గద్దె మీద అవ్వ కూచుని ఉంది. చిన్న మనిషి, తల ముగ్గుబుట్ట, చేతులు ఎర్రగా మిరప రంగు. టీచరమ్మ ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి తూకం వేసే తరాజు పక్కన ఉంచింది. గొంతు సవరించుకుని, బడిలో ఇన్స్పెక్షన్‌కు వచ్చిన అధికారిలాగా అడిగింది.

“మీ పేరు చెప్పండి.”

అవ్వ కూతురి ముఖంలోకి చూసింది. తర్వాత, ఒంట్లో బాగోలేదేమోనన్న అనుమానంతో నావైపు తిరిగింది.

“మేడం, నా బిడ్డ పెయ్యి మంచిగుందా?”

చదువు కోసమే అవ్వా, చెప్పు అని బతిమాలాక పేరు చెప్పింది. వయసు అడిగితే నీకు తెల్వదా అంది. దుకాణం ఎప్పటి నుంచి నడుపుతున్నారని అడిగితే, నువ్వు గీ బస్తా మీద పాకేటప్పటి సంది అంది. టీచరమ్మ పట్టు వదల్లేదు. బేరంలో ‘లేదు’ అంటారా అని అడిగింది. అవ్వ చెవులు పట్టుకుంది. గిరాకీతోని లేదు అంటే లచ్చిమి లేచిపోతది, మేం ఎన్నడు అనం అంది. కూతురు నావైపు చూసింది. విజయం ఆ చూపులో.

అంతలో పక్క సందులోంచి ఒకావిడ వచ్చింది. టీచరమ్మకు పిన్ని వరస. మిరపకాయలు గుప్పిట్లోకి తీసుకుని, ధర తగ్గించమంది. అవ్వ తలకూడా ఎత్తలేదు.

“లేదు, పో.”

ఆవిడ పోలేదు. నవ్వుతూ గద్దె అంచున కూచుని ఇంటి సంగతులు మొదలుపెట్టింది. ఫోన్ రికార్డు చేస్తూనే ఉంది. టీచరమ్మ ముఖం నేను చూడలేకపోయాను.

బేగం బజారు నుంచి నాంపల్లి దాకా మేమిద్దరం నడిచే వచ్చాం.  స్టేషన్ ముందు ఆగి, నడుమ స్తంభమే కూలింది మేడం, ఇగ ఏం లేదు అంది. నేను ఓదార్చలేదు. అవ్వ ఆ మాట ఎవరితో అందో ఆలోచించండి అన్నాను. మా చిన్నమ్మతోని అంది. కొత్త గిరాకీతో అంటుందా అన్నాను. అనదు అంది. అని, అక్కడే నిలబడిపోయింది. రైలెక్కేవాళ్లు సామాన్లతో మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. ఆమె కదల్లేదు. ఆమె కళ్లముందు ఏదో తెరుచుకుంటోందని నాకు అర్థమైంది. పక్కనే నిలబడ్డాను.

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆమె కనబడలేదు. ఫోన్ చేస్తే బజారులో చప్పుడు వినిపించేది, మల్ల చేస్త మేడం అని పెట్టేసేది. బడి వదలగానే బేగం బజారుకే పోయేదట. మిరపకాయలవాళ్లే కాదు, గాజులవాళ్లు, స్టీలు సామానువాళ్లు, పసుపు కుంకుమలవాళ్లు, అందరి దగ్గరా అనుమతి అడిగి, కూచుని, విని, రాసుకుందట. తిరిగొచ్చినప్పుడు కాస్త నల్లబడింది, చిక్కింది, మాట మాత్రం మునుపటికన్నా గట్టిగా ఉంది. కొత్త అధ్యాయం తెచ్చింది. దాని మొదటి వాక్యం ఇది: ‘బేరంలో ఆడవాళ్లు “లేదు” అనే మాటను పరాయివాళ్లతో అనరు, దగ్గరివాళ్లతోనే అంటారు.’ పరాయివాడికి లేదంటే వాడు వెళ్లిపోతాడు. దగ్గరివాళ్లు లేదన్నా కూచుంటారు. ఆ నమ్మకం ఉన్నచోటే ఆ మాట బయటికి వస్తుంది. ఒకప్పటి తన మాట ఏమిటో, అది ఎందుకు తప్పో కూడా ఆమే రాసింది. ప్రతి మాట కిందా ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నారో ఉంది. ఎర్ర పెన్ను పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. చివరి పేజీకి వచ్చేసరికి పెన్ను మూత తీయనే లేదని గమనించాను.

మౌఖిక పరీక్ష రోజు విశ్వవిద్యాలయంలో సెమినార్ హాలు నిండింది. అది బహిరంగ పరీక్ష, ఎవరైనా రావచ్చు. మా తరగతి వాళ్లందరూ వచ్చారు. టీచరమ్మ తల్లిని కూడా ఆటోలో తీసుకొచ్చి వెనక వరసలో నా పక్కన కూచోబెట్టింది. వచ్చిన పరీక్షకుడు, మొదటిసారి గ్రంథాన్ని తిప్పి పంపినాయనే. బక్కపలచని పెద్దమనిషి, మెత్తని గొంతు. పాత ప్రతీ కొత్త ప్రతీ రెండూ బల్ల మీద పెట్టుకున్నాడు. 

ఆయన పాత ప్రతి తెరిచాడు. మొదట్లో బేరంలో ‘లేదు’ అనరని రాశారు, ఇప్పుడు అంటారని రాశారు, మేం దేన్ని నమ్మాలి అని అడిగాడు.

“రెండోది సార్,” అంది టీచరమ్మ. “మొదటిది నేను అనుకున్నది. రెండోది నేను ఇన్నది.”

ఆయన ఏదో రాసుకున్నాడు. తర్వాత తల్లి విషయం తీశాడు. మీ ముఖ్య సమాచారం ఇచ్చింది మీ తల్లిగారు, కూతురికి అనుకూలంగా చెప్పి ఉండొచ్చు కదా అన్నాడు. ఇది గట్టి దెబ్బ.  అవ్వ నా మోచెయ్యి పట్టుకుని, ఏమంటున్నడు, నా ముచ్చటేనా అని గుసగుసగా అడిగింది. మీ గురించేనన్నాను.

“మీరు జర తక్కువనే అన్నరు సార్,” అంది టీచరమ్మ. “మా అవ్వ నాకు ఇష్టమైంది చెప్పొచ్చు. నేను గూడ నాకు కావల్సిందే ఇనొచ్చు. ఇద్దరి మీద అనుమానపడాలె. అందుకే మా అవ్వ మాట మీద నిర్ణయం నిలబెట్టలే. నాలుగో అధ్యాయంల ఆమె దుకాణంల ఇన్న మాటలు మొత్తం తీసేసి చూసిన. మిగతా దుకాణాలతోని గూడ అదే నిలబడ్డది. గాజుల సందుల మాత్రం నిలబడలే. గాడ దగ్గరోళ్లతోని గూడ లేదనరు. ఎందుకో నాకు తెల్వదు. తెల్వదనే రాసిన.”

ఆయన పేజీలు తిప్పి ఆ చోటు వెతికి చదివాడు. చాలాసేపు చదివాడు. తలెత్తి, తెలియదని రాసిన సిద్ధాంతగ్రంథాలు తానెక్కువ చూడలేదన్నాడు. పాత ప్రతి మూసి పక్కకు జరిపాడు.  ఆ తర్వాత ఆయన అడిగినవి ప్రశ్నల్లా లేవు, ఆసక్తి పట్టలేక అడుగుతున్నట్టున్నాయి. గాజుల సందు ఎటువైపు అని కూడా అడిగాడు. చివరికి, లేదనడం దగ్గరితనానికి గుర్తన్నారు కదా, ఆ మాట నా తరగతిలో చెప్పుకోవచ్చునా అన్నాడు.

“చెప్పున్రి సార్. పేజీ నంబరుతోని చెప్పున్రి.”

ముందు నవ్వింది ఆయనే. ఆ నవ్వు హాలంతా పాకింది. కాసేపు మమ్మల్ని బయట కూచోబెట్టి, మళ్లీ లోపలికి పిలిచి, డాక్టరేటు ఇవ్వడానికి సిఫారసు చేస్తున్నామని ఆయనే లేచి నిలబడి ప్రకటించాడు. మా తరగతి పిల్లలు బల్లలు చరిచారు. టీచరమ్మ అందరికీ చేతులు జోడించి, ఆ పెద్ద పెద్ద అంగలతోనే నడుమ దారి వెంట వెనక వరసకు వచ్చింది. కళ్ల నిండా నీళ్లు, తుడుచుకోలేదు.

అవ్వ లేచి కూతురి చెయ్యి పట్టుకుంది. ఏమన్నరు బిడ్డా అని అడిగింది.

“ఒప్పుకున్నరవ్వా.”

“ఎంతకు?”

“మనం చెప్పిన ధరకే.”